కారు లేనివాడి షట్టర్

జులై 6, ఆదివారం. తొలి ఏకాదశి.

ఈ డైరీ చిట్టీల కంపెనీ వాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చింది. ఆరు నెలలుగా బియ్యం డ్రమ్ము మీద మూతగా పనిచేసింది. ఇవాళ కోడలు విజయశ్రీ దాన్ని తుడిచి నా చేతిలో పెట్టింది.

"మామా, పైన బాపిరాజు సారుతోటి నువ్వు కొట్లాడేదేదో గిండ్ల రాసుకో. గల్లీ అంత ఇంటున్నది" అంది.

నేను చదివింది మూడో తరగతి. మిగతా అక్షరాలు బస్సు నడుపుతూ బోర్డుల మీద నేర్చుకున్నాను. హయత్‌నగర్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ అని తప్పు లేకుండా రాస్తాను. మిగిలిన మాటలు ఎట్లా పడితే అట్లా పడతాయి. ఎవరూ చదివేది లేదు కాబట్టి సిగ్గు లేదు.

కొట్లాట ఇది. పొద్దున బాపిరాజు కారు తీయడానికి కిందికి వచ్చాడు. మా పై అంతస్తులో కిరాయికి ఉంటాడు. నర్సాపురం మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. షట్టర్ ముందు వంగి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, డాక్టరులా చూశాడు.

"లచ్చయ్యగారూ, అడుగున తుప్పు మొదలైందండి. తేమ. ఎప్పుడూ మూసే ఉంచితే లోపలి తేమ ఎక్కడికి పోద్దండి?"

"తేమ గీమ మీ గోదారి దిక్కు రాజుగారూ. ఇది ఎల్బీనగర్. ఈడ గాలిల దుమ్ముంటది గని నీళ్ళుండయ్."

"గాలిలో నీళ్ళుంటాయండి బాబూ."

"మా నల్గొండల బాయిలనే నీళ్ళు లెవ్వు. గాలిల ఏడికెల్లి వస్తయ్?"

ఆయన నవ్వాడు. నవ్వడం దగ్గరే వచ్చింది గొడవ. తర్వాత నేను ఏమన్నానో గల్లీని అడిగితే చెబుతుంది. ఉపవాసం ఉన్నాను కాబట్టి గొంతు సగమే లేచింది.

షట్టర్ నాది. షెడ్డు నాది. కారు మాత్రం ఆయనది.

జులై 9, బుధవారం

మూడు రోజుల నుంచి ఒకటే ఆలోచన. తుప్పు ఉన్న మాట నిజమే. ఆయన చెప్పాడని కాదు, నేనే చూశాను.

ఈ షెడ్డు సంగతి రాసిపెట్టాలి. రిటైరైన డబ్బులతో ఇల్లు కట్టేటప్పుడు నా భార్య పెంటమ్మ దేవుడి గది అడిగింది. నేను కారు షెడ్డు కట్టించాను. అప్పుడు నాకు కారు లేదు. ఇప్పుడూ లేదు. బట్టతలవాడు దువ్వెన కొన్నట్టు. జీవితమంతా సర్కారు బస్సు నడిపినవాడికి సొంత షట్టర్ ఉండాలనిపించింది, అంతే.

చుట్టాలు వచ్చి "కారు గూడ తీసుకున్నవా బావా?" అని అడిగేవాళ్ళు. నేను షట్టర్ వైపు చూసి "లోపలుంది" అనేవాడిని. ఏముందో చెప్పేవాడిని కాదు. లోపల పెంటమ్మ ఎండు మిరపకాయలు ఉండేవి. అందుకే షట్టర్ ఎప్పుడూ మూసే ఉంచేవాడిని.

తర్వాత బాపిరాజు తెల్ల కారుతో కిరాయికి వచ్చాడు. నా మాట నిజమైపోయింది. కానీ అలవాటు పోలేదు. ఆయన కారు బయటికి తీయగానే నేను పరుగెత్తి షట్టర్ దించేస్తాను. ఖాళీ షెడ్డు జనం చూడకూడదు. ఆయన రివర్సు తీస్తుంటే చూడలేను. అరుగు మీద కూర్చున్న నా కాలు నేల మీద బ్రేకు తొక్కుతూ ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ స్టీరింగు ఒకసారి పట్టుకోవచ్చా అని నేను అడగలేదు. ఆయన ఇస్తాననలేదు. నేనెందుకు అడుగుతాను?

ఇవాళ కొత్తపేటలో తెలిసిన మెకానిక్ దగ్గర డబ్బా నిండా కాలిన ఆయిల్ తెచ్చాను. బస్సు కింద తుప్పు రాకుండా మేము పూసేది ఇదే. షట్టర్‌కు తాగినంత తాపాను. సాయంత్రానికి బర్రెలా నిగనిగలాడింది.

బాపిరాజు మెట్ల మీద నుంచి వాసన చూసి ఏమీ అనకుండా పైకి వెళ్ళాడు. ఏమీ అనకపోవడం కూడా అనడమే.

జులై 13, ఆదివారం

గల్లీలో దుమ్మంతా నా షట్టర్‌కే అంటుకుంది. గల్లీ శుభ్రంగా ఉంది.

జులై 22, మంగళవారం

మూడు రోజుల నుంచి వాన. పై కాలనీల నీళ్ళన్నీ మా గల్లీలోకి దిగాయి. షట్టర్ కింద నుంచి లోపలికి వచ్చాయి. గోనె సంచులు చుట్టలు చుట్టి లోపలొక వరస, బయటొక వరస పెట్టాను. నీళ్ళే రాకపోతే తేమ ఎక్కడిది? బ్యాంకులో చేసినవాడికి ఈ చిన్న లెక్క తెలియదు.

జులై 27, ఆదివారం

సంచులతో ఆగలేదు. గడపలో ఒడ్డు కట్టాను.

మేస్త్రీని పిలవలేదు. సిమెంటు, ఇసుక తెచ్చుకుని నేనే కట్టాను. చిన్నప్పుడు వరి మడికి ఒడ్డు పెట్టిన చేతులివి. నీళ్ళతో ఎట్లా మాట్లాడాలో నాకు ఎవరూ నేర్పక్కరలేదు. జానెడు ఎత్తు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, రెండు వైపులా ఏటవాలుగా తీర్చి కారు ఎక్కేట్టు చేశాను. షట్టర్ సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. సంచులు మళ్ళీ అటూ ఇటూ సర్దాను. ఇక చీమ కూడా రాదు.

బాపిరాజు కారు ఒడ్డు ఎక్కిస్తుంటే కింద గరగరా రాసుకుంది.

"కడుపు తగులుతోందండి" అన్నాడు.

"జర తక్కువ తినుమనుండ్రి మీ కారును" అన్నాను.

ఇందిరాదేవిగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన భార్య. ఆమె నవ్వితే నాకు కోపం రాదు. ఎందుకో తెలియదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఇందిరాదేవిగారు పట్టుచీర కట్టుకుని వాయనం పట్టుకుని పెంటమ్మ కోసం మెట్లు దిగింది. మెట్ల పక్కనే షట్టర్. గాలికి కొంగు ఎగిరింది.

ఇక రాయను.

రాస్తాను. పసుపు రంగు చీర. నా కాలిన ఆయిల్, దానికి అంటిన గల్లీ దుమ్ము, కొంగు మీద నా అరచేయంత మచ్చ. అది వాళ్ళమ్మ పెట్టిన చీరట. ఆమె "ఫర్వాలేదు వదినగారూ, ఉతికితే పోతుంది" అంది. పోదని ఆమెకు తెలుసు, పెంటమ్మకు తెలుసు, నాకు అందరికంటే బాగా తెలుసు. నా డ్రైవరు చొక్కాలు అన్నీ అట్లాగే పోయాయి.

పెంటమ్మ వాయనం తీసుకుని, బొట్టు పెట్టించుకుని, ఆమెను పైకి పంపి, అప్పుడు నా వైపు తిరిగింది.

"బస్సు దిగి గిన్నేండ్లాయె, ఇంక ఇల్లంత డిపో జేస్తున్నవా? నీకేం తక్కువైందయ్యా? ఆ షట్టర్‌కు పెండ్లి జేస్తున్నవా?"

ఆగస్టు 10, ఆదివారం

కిరోసిన్ గుడ్డతో ఆయిల్ అంతా తుడిచాను. ఆయిల్‌తో పాటు రంగు కూడా వచ్చేసింది. షట్టర్ ఇప్పుడు ఒంటి మీద నూలుపోగు లేకుండా రోడ్డు మీద నిలబడింది. మళ్ళీ వాన మొదలైంది.

ఆగస్టు 14, గురువారం

స్ప్రింగు పాతది. షట్టర్ అమ్మినవాడు మోసం చేశాడు. అదే సంగతి.

బాపిరాజు కూతురు సింధూర పెద్ద అంబర్‌పేట్‌లో ఫ్లాటు కొనుక్కుంది. ఇవాళ గృహప్రవేశం. పాలు పొంగించే చేయి తల్లిదే కావాలని కూతురు పట్టుబట్టింది. కొత్త పాలగిన్నె, లక్ష్మీదేవి పటం, పసుపు కుంకుమలు, సున్నుండల డబ్బా, అన్నీ నిన్న సాయంత్రమే కారులో సర్దుకున్నారు. పొద్దున బాపిరాజు పట్టుపంచెలో దిగాడు. తాళం తీశాడు. షట్టర్ లేవలేదు.

నేను వెళ్ళి పట్టాను. లేవలేదు. ఇద్దరం కలిసి పట్టాం. బెత్తెడు లేచి, పక్క గాడిలో కరకరమని ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. గల్లీలో మగవాళ్ళంతా వచ్చారు. తలో చేయి, తలో సలహా. ఒకాయన "కారెందుకు పెట్టిండ్రు అండ్ల?" అని అడిగాడు. కారు షెడ్డులో కారెందుకు పెట్టారని!

బాపిరాజు పట్టుపంచెకు తుప్పు అంటింది. ఇందిరాదేవిగారు ఆ బెత్తెడు సందులోంచి తొంగి చూస్తోంది. కారు చక్రాలు కనబడుతున్నాయి. పాలగిన్నె కనబడదు.

"పోనీలెండి, ఆటోలో వెళ్దాం" అంది.

"పటం?"

"అక్కడ ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది లెండి."

ఆటో దొరికేసరికి వాన కూడా దొరికింది. హయత్‌నగర్ దగ్గర రోడ్డంతా నీళ్ళు, బళ్ళు ఆగిపోయాయట. వీళ్ళు ఆటోలో ఉండగానే ముహూర్తం దాటుతోందని అక్కడ అల్లుడి తల్లి పాలు పొంగించేసింది.

సాయంత్రం తిరిగి వచ్చారు. ఇందిరాదేవిగారు మా గుమ్మం ముందు ఆగకుండా మెట్లెక్కింది. ఎప్పుడూ ఆగేది.

ఆగస్టు 15, శుక్రవారం

స్ప్రింగే.

ఆగస్టు 16, శనివారం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి షట్టర్లు బాగుచేసేవాడిని రమ్మన్నాను. వాడు వచ్చేలోపు సంచులు తీసేద్దామని బయట వరస లాగాను. లోపలి వరస కోసం ఆ సందులోకి చేయి పెట్టాను. ఒక్కొక్క సంచీ దూడంత బరువు. ఎన్ని రోజుల నీళ్ళు తాగాయో. దాని వెంట షట్టర్ కింది పట్టీ ముక్క కూడా వచ్చింది. చేతిలో అప్పడంలా విరిగింది.

వాడు సుత్తితో అటూ ఇటూ కొట్టి, గ్రీజు పెట్టి, షట్టర్ ఎత్తి వెళ్ళాడు. లోపల నేల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. కారు తడిసి వచ్చిన ప్రతిసారీ కారిన నీళ్ళు, గోడ నుంచి ఊరిన నీళ్ళు, బయటికి పోయే దారి లేక అక్కడే కాపురం పెట్టాయి. వెనకే వచ్చిన బాపిరాజు ఆ నీళ్ళు చూశాడు, ఒడ్డు చూశాడు, నన్ను చూశాడు.

"నాట్లు ఎప్పుడు వేద్దామండీ?"

వేరే రోజైతే ఆయన కూడా నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు. పాలగిన్నె, పటం తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

సంచులు మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక దాచాను. కంపు ఎట్లా దాచాలో తెలియలేదు. పెంటమ్మ మోకాళ్ళు పట్టుకుని మేడ దాకా ఎక్కి వాటిని చూసింది.

ఆగస్టు 17, ఆదివారం

పెంటమ్మ నాతో మాట్లాడటం లేదు. మంచిదే, చెవులకు సెలవు.

ఆగస్టు 18, సోమవారం

సాయంత్రం బాపిరాజు వచ్చాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. రోజూ చెప్పులతోనే గుమ్మం దాకా వచ్చి కొట్లాడేవాడు. మర్యాదగా వచ్చాడంటేనే నాకు అర్థమైంది.

"ఏమీ అనుకోకండి లచ్చయ్యగారూ. అమ్మాయి వాళ్ళ ఫ్లాట్ల పక్కనే ఒకటి కిరాయికి ఉందట. కింద పార్కింగు, గాలి బాగా ఆడుద్ది. కారు కూడా ముసలిదైపోయింది కదండీ."

"ఎప్పుడు పోతరు?"

"ఈ అమావాస్య దాటితే భాద్రపదం. శూన్యమాసంలో ఇల్లు కదలకూడదంటుంది మా ఆవిడ. ఆశ్వయుజం వచ్చాక, దసరాకి."

నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. తీరా నోరు తెరిస్తే వేరే మాట బయటికి వచ్చింది.

"మీ ఇష్టం. టు-లెట్ బోర్డు రాపిస్త."

మంచిదే. ఒక గోల పోతుంది. షెడ్డులో మళ్ళీ మిరపకాయలు పోసుకోవచ్చు.

ఆగస్టు 19, మంగళవారం

టు-లెట్ బోర్డు చెక్క మీద నేనే రాశాను. బోర్డుల మీద చదువుకున్నవాడిని కదా, బాగానే వచ్చింది. గోడకు కొట్టలేదు. మేకు దొరకలేదు.

ఆగస్టు 21, గురువారం

మేకు దొరికింది. సుత్తి కనబడలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

సుత్తి కూడా కనబడింది. కానీ శుక్రవారం గోడకు మేకు కొట్టకూడదని అంటారు. ఎవరంటారో తెలియదు.

అన్నం దగ్గర పెంటమ్మ కోడలితో అంది, "విజయా, మీ మామకు చెప్పు, అన్నం సల్లారిపోతున్నదని." నేను ఆమె మోకాలికి ఆనుకుని కూర్చున్నాను.

"నీకు చెప్పుమంటున్నది మామా" అంది కోడలు.

"ఇన్న. తింటనని చెప్పు."

"తింటడట అత్తా."

అప్పుడు పెంటమ్మ నేరుగా నా మొహంలోకి చూసింది. "నా మోకాళ్ళు నొస్తే రోజు మెట్లు దిగొచ్చి ఇందిరమ్మ నా కాళ్ళకు నూనె రాసింది. నువ్వు షట్టర్‌కు రాసినవ్."

అన్నం తిన్నాను. కూర ఏమిటో గుర్తు లేదు.

ఆగస్టు 24, ఆదివారం

భాద్రపదం మొదలైంది. శూన్యమాసం మీద నాకు నమ్మకం లేదు. ఊరికే అట్లా నడుస్తూ గుడి వైపు వెళ్ళాను. పూజారిని అడిగాను, ఈసారి అధిక భాద్రపదం ఏమైనా ఉందా అని.

"లేదు. ఎందుకు, ఇంట్లో పెళ్ళి ఉందా?"

"లేదు పంతులూ, ఊకెనే అడిగిన. ఒక నెల ఎక్కువొస్తే మంచిదే గదా."

"అడిగితే వచ్చేది కాదయ్యా అది."

ఆగస్టు 30, శనివారం

వాన లేదు. అయినా పొద్దున చూస్తే షట్టర్ లోపలి వైపు చెమట పట్టి ఉంది. వేలితో గీశాను. గీత పడింది, నీళ్ళు జారాయి.

గాలిలో నీళ్ళు ఉన్నాయి.

సెప్టెంబర్ 2, మంగళవారం

రెడ్ ఆక్సైడ్ కొందామని మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. ఇనుముకు ముందు అది పూసి, తర్వాత రంగు వేస్తారు. దుకాణం ముందు నిలబడి షట్టర్ చూశాను. తర్వాత పక్క దుకాణం షట్టర్. చీరలు, చెప్పులు, కోచింగు సెంటరు, మిర్చి బజ్జీల కొట్టు. అట్లా షట్టర్లు చూసుకుంటూ కొత్తపేట దాకా నడిచాను. ఒక సెల్‌ఫోన్ల కొట్టువాడు "ఏం గావాలె పెద్దమనిషీ?" అంటే "నీ షట్టర్" అన్నాను. వాడు లోపలివాళ్ళను పిలిచాడు.

నా షట్టర్ కంటే పాతవి. అయినా కింది పట్టీలు గట్టిగానే ఉన్నాయి. పొద్దున లేస్తాయి, రోజంతా పైన చుట్టుకుని ఉంటాయి, లోపలికి గాలీ వెలుతురూ పోతాయి. గల్లీల్లోకి మళ్ళి ఇళ్ళ షెడ్లు చూశాను. నాలాగా ఏడాదంతా మూసి ఉంచినవాటికే అడుగున కుళ్ళు.

దుకాణం వాడు లోపల ఏముందో చూపించడానికి ఎత్తుతాడు. నేను లోపల ఏమీ లేదని తెలియకుండా దించుతాను. దానికి తేమ, స్ప్రింగు, షట్టర్ అమ్మినవాడు, గోదావరి జిల్లా, అందరినీ తిట్టాను.

ఇంకొకటి తిరుగుదారిలో మెట్రోలో తట్టింది. సీటులోంచి లేచి నిలబడ్డాను. పక్కనున్న అమ్మాయి దిగుతానేమో అనుకుని దారిచ్చింది. మడికి ఒడ్డు పెట్టేది బయటి నీళ్ళు రాకుండా కాదు. లోపలి నీళ్ళు పోకుండా. ఏ చేతుల గురించి గొప్పలు చెప్పానో, ఆ చేతులు వాటికి వచ్చిన పనే చేశాయి. కారు షెడ్డును మడి చేశాయి.

సెప్టెంబర్ 4, గురువారం

గడ్డపార తీశాను.

ఎండ బాగా వచ్చాక, గల్లీలో అందరూ తిరిగే వేళ చూసి షట్టర్ పూర్తిగా ఎత్తాను. ఒడ్డు మీద మొదటి దెబ్బ వేశాను. దరిద్రపు ఒడ్డు, నేను కట్టినవాటిలో ఇంత గట్టిది ఇంకోటి లేదు. నాలుగు దెబ్బలకు గవ్వంత పెచ్చు లేచింది. జనం చేరారు. పొద్దెక్కేసరికి ఒక మూల తెగి లోపలి నీళ్ళు గల్లీలోకి బయలుదేరాయి. దోమ పిల్లలతో సహా.

పైనుంచి గొంతు వినబడింది.

"ఏంటండీ, కోతలు అయిపోయాయా?"

తల ఎత్తాను. బాపిరాజు పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకుని చూస్తున్నాడు. గల్లీ అంతా నా నోటి వైపు చూసింది. ఈ నోరు ఏమంటుందో దానికి అలవాటే.

"పంట పోయింది రాజుగారూ" అన్నాను. "గొంతుదాంక నీళ్ళు పెట్టి నేనే ముంచిన."

నేను గడ్డపార మీద ఆనుకుని, ఇంకా ఒక మాట మిగిలి ఉంటే అది కూడా అడిగేశాను.

"మీ నర్సాపురంల ఎట్ల జేస్తరు?"

ఆయన చాలాసేపు దిగలేదు. కోపం పోలేదనుకున్నాను. పంచె మార్చుకుంటున్నాడట. పాత లుంగీ పైకి కట్టుకుని, చేతిలో ఇంకో గడ్డపార పట్టుకుని దిగాడు. అది ఎవరి దగ్గర అడిగి తెచ్చాడో తెలియదు. పట్టుకోవడం మాత్రం తల్లకిందులుగా పట్టుకున్నాడు.

సెప్టెంబర్ 10, బుధవారం

ఆయన చెప్పిన ప్రకారం గడప బయటికి వాలుగా ఉండాలి. షట్టర్ పైన గోడకు జాలీ పెట్టాలి, వేడి గాలి పోవడానికి. కింది అంచుకు రబ్బరు పట్టీ. వాన లేని ప్రతిరోజూ షట్టర్ ఎత్తి ఉంచాలి. ఇంతే. దీనికి నర్సాపురం దాకా పోవాలా అన్నాను. మీరు పోలేదు కదండీ, నేనే వచ్చాను కదా అన్నాడు.

జాలీ కోసం గోడకు కన్నం పెట్టాం. జాలీ కంటే కన్నం పెద్దదైంది. తప్పు నాదే అని ఆయన, ఆయనదే అని నేను. పుట్టీతో పూడ్చాలి. కలపడానికి చెక్క లేదు. షెడ్డు మూలన గోడకు తిప్పి పెట్టిన బోర్డు ఒకటి ఆయనకు దొరికింది. తిప్పి చూశాడు. టు-లెట్.

"ఇదేంటండీ?"

"పుట్టీ కలపనీకి."

ఆయన దాన్ని నేల మీద పరిచి, అక్షరాల మీదే పుట్టీ పోసి, నీళ్ళు చల్లి కలపడం మొదలుపెట్టాడు. ఏమీ అనలేదు. ఈసారి ఏమీ అనకపోవడం వేరే రకం.

సెప్టెంబర్ 14, ఆదివారం

కొత్త పట్టీ వేయించాం. ఉప్పుకాగితంతో రుద్దాం. రెడ్ ఆక్సైడ్ రెండుసార్లు పూశాం. ఆయన బ్రష్షును పెన్నులా పట్టుకుని సంతకం చేస్తున్నట్టు పూస్తాడు. నేను బస్సు కడిగినట్టు పూస్తాను. పైరంగు ఆకుపచ్చ అని ఆయన, నీలం అని నేను. రెండు రోజులు కొట్లాడాం. గల్లీ మళ్ళీ ప్రశాంతంగా నిద్రపోయింది.

పెంటమ్మ ఇద్దరికీ టీ తెచ్చి ఒక గ్లాసు ఆయన చేతికి ఇచ్చింది. నా గ్లాసు నేల మీద పెట్టింది. అయినా తెచ్చింది.

సెప్టెంబర్ 17, బుధవారం

ఆకుపచ్చ. ఇందిరాదేవిగారికి ఆకుపచ్చ ఇష్టమట. నాకు ముందే చెప్పి ఉంటే గొంతు మిగిలేది.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. పెంటమ్మ మోకాళ్ళతో తిరగలేక మధ్యలో కుర్చీ వేసుకుని పాట చెప్పింది. ఇందిరాదేవిగారు చుట్టూ ఆడవాళ్ళతో చప్పట్లు తప్పుతూ తిరిగింది.

రేపటి నుంచి ఆశ్వయుజం. ఇల్లు మారే సంగతి పైవాళ్ళు ఎత్తలేదు. నేను అడగలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

పై ఇంట్లో సామాన్లు జరుపుతున్న చప్పుడు. అటకల మీదవి దించుతున్నారు.

సెప్టెంబర్ 24, బుధవారం

మళ్ళీ చప్పుడు. దించినవి కట్టలు కడుతున్నారేమో. వెళ్ళి చూడొచ్చు. మెట్లు ఎక్కితే నాకు ఆయాసం.

నాకు ఆయాసం లేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

అది దసరా బూజు దులపడమట.

షెడ్డులో ఎత్తిన షట్టర్ కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బాపిరాజు రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "ఆశ్వయుజంలో ఇల్లు మారితే మా ఆవిడ నక్షత్రానికి పడదటండి."

"కార్తీకం?"

"అదీ, మార్గశిరమూ అంతకన్నా పడవు."

"తర్వాత పుష్యం శూన్యమాసం."

"అవునండి, అదొకటుంది కదా."

"ఏ పంచాంగంల ఉన్నది ఇది?"

"మా గోదావరి పంచాంగం లెండి. మీకు దొరకదు."

"దొరకకపోతే పాయె" అన్నాను. కళ్ళలో ఏదో పడింది. పుట్టీ పొడి కావచ్చు. ఎండి వారం దాటినా రాలుతూనే ఉంది.

అక్టోబర్ 2, గురువారం. దసరా.

ఈసారి దసరా, గాంధీ జయంతి ఒక్కరోజే పడ్డాయి. మటన్ దుకాణాలు బంద్. నల్గొండవాడికి ఇది పండగ కాదు, ఏకాదశి.

పొద్దున కారు కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇందిరాదేవిగారు కారుకు బొట్టు పెట్టిన వేలితోనే వెళ్ళి షట్టర్‌కు కూడా ఒక బొట్టు పెట్టింది. ఆకుపచ్చ మీద ఎర్రగా బాగుంది. ఆమె కట్టుకున్నది ఆ పసుపు చీరే. మచ్చ కనబడకుండా కొంగు మడిచి నడుములో దోపుకుంది. నాకు కనబడింది.

కారు వెనక సీటులో పాలగిన్నె, లక్ష్మీదేవి పటం. ఇవాళ కూతురి ఇంట్లో ఆమె పాలు పొంగిస్తుందట. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, కూతురు ఫోన్లో ఏడ్చి మరీ రమ్మంది.

"మీరిద్దరూ కూడా రావాలి వదినగారూ" అని పెంటమ్మ చేయి పట్టుకుంది.

బాపిరాజు తాళం చెవి తీసి నా ముందు పట్టుకున్నాడు. "హైవే అంటే నాకు చెయ్యి వణుకుద్దండి. పండగ పూట ఎందుకొచ్చిన గొడవ. మీరు తోలండి."

ఈయనకు చేయి వణకడం నేను ఎప్పుడూ చూడలేదు. రివర్సు మాత్రమే రాదు.

కూర్చున్నాను. సీటు వెనక్కి జరుపుకున్నాను. స్టీరింగు పిల్లల ఆటబొమ్మలా ఉంది. బస్సు స్టీరింగు తిప్పిన చేతులతో దీన్ని పట్టుకుంటే విరుగుతుందేమో అనిపించింది. నిమ్మకాయలు చితికాయి. వాలు గడప మీద నుంచి ఎక్కడా రాసుకోకుండా రోడ్డు మీదికి దిగింది.

అలవాటు ప్రకారం బండి ఆపి, దిగి, షట్టర్ దించడానికి వెళ్ళాను. చేయి పైకి లేపాను. లోపల ఖాళీ. కొత్త జాలీలోంచి వచ్చిన ఎండ నేల మీద గళ్ళు గళ్ళుగా పడి ఉంది. ఎదురింటి ఈరమ్మ వాకిట్లో కూర్చుని చూస్తోంది.

"ఏందయ్యా, రావా?" అని పెంటమ్మ కారులోంచి పిలిచింది. విజయశ్రీ ద్వారా కాదు. నేరుగా.

చేయి దించి వచ్చి కూర్చున్నాను.

"ఓ లచ్చన్నా, షట్టర్ తెరిచే ఉన్నది!" అని ఈరమ్మ అరిచింది.

"ఉండనీ."

హయత్‌నగర్ దగ్గర ఈసారి రోడ్డు ఎండి ఉంది. బాపిరాజు పక్క సీటులో కూర్చుని కాలితో బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. పెద్ద అంబర్‌పేట్‌లో పాలు బాగా పొంగాయి, పొయ్యి అంతా పొంగాయి. పెంటమ్మ, ఇందిరాదేవిగారు ఒకే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మటన్ లేని లోటు గారెలతో కొంచెం తీరింది.

పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చాం. షెడ్డులోకి కారు తిప్పబోతే, నడిమధ్యలో గల్లీ కుక్క ఒకటి కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. వానాకాలం అంతా అది ఈరమ్మ అరుగు మీదే ఉండేది. కుక్క తడి నేల మీద పడుకోదు.

హారన్ కొట్టాను. ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

"దిగి కొట్టమంటారా?" అన్నాడు బాపిరాజు.

"వద్దు" అన్నాను. ఇంజను ఆపేశాను. నలుగురం కారులోనే, గల్లీ మధ్యలో, అది లేచేదాకా కూర్చున్నాం.